వారానికో కథ, ఒకటే దారం

న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో రిక్రియేషన్ పార్కు ఉంది. అక్కడ 1925 నాటి గుర్రాల రంగులరాట్నం ఉంది. టిక్కెట్టు లేదు. మనవరాలిని గుర్రమెక్కించి పక్కన నిలబడినప్పుడల్లా నాకు టీవీ రచయిత రాడ్ సెర్లింగ్ గుర్తొస్తాడు. ఆయన పెరిగింది ఈ ఊళ్ళోనే.

1959 అక్టోబరు 2న సీబీఎస్ టీవీలో ఆయన 'ది ట్విలైట్ జోన్' మొదలైంది. ఐదు సీజన్లలో 156 కథలు. అందులో 92 ఆయనే రాశాడు. ప్రతి వారం కొత్త మనుషులు, కొత్త ఊరు. పాత కథతో సంబంధం ఉండదు. ఇలాంటి సీరియల్‌నే ఆంథాలజీ అంటారు. మన మాటల్లో కదంబమాల. పూలు వేరు, దారం ఒకటి.

ఇక్కడ దారం సెర్లింగే. కథ మొదట్లో నాలుగు మాటలు చెప్పేవాడు, చివర ఆయన గొంతుతోనే కథ ముగిసేది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు చేసే పని ఇదే. మజిలీ మారుతుంది, కథ మారుతుంది, చెప్పేవాడు మారడు. చిన్నప్పుడు తెనాలిలో మా నాన్నమ్మకు అవి చదివి వినిపించేవాణ్ణి గనుక ఈ పద్ధతి నాకు కొత్తనిపించలేదు.

మామూలు సీరియల్లో హీరో వచ్చే వారం కూడా రావాలి కాబట్టి అతనికేమీ కాదని మనకు ముందే తెలుసు. ఆంథాలజీలో ఆ భరోసా లేదు. ఎవరైనా ఓడిపోవచ్చు, చనిపోవచ్చు. అందుకే ఉత్కంఠ నిజమైనది. రచయితకు మాత్రం కష్టం. ముక్కూమొహం తెలియని మనిషిని రెండు నిమిషాల్లో మనవాణ్ణి చేయాలి. కొలత కూడా ముఖ్యమే. 1963లో నాలుగో సీజన్‌ను గంట నిడివికి పెంచితే చాలా కథలు సాగదీసినట్టయ్యాయి. ఐదో సీజన్‌కు మళ్ళీ అరగంటకే వచ్చారు.

ఇప్పుడు సీజన్ మొత్తం ఒకే కథ నడిపి, తర్వాతి సీజన్లో కొత్త కథ ఎత్తుకునేవీ ఉన్నాయి. 2011లో 'అమెరికన్ హారర్ స్టోరీ', 2014లో 'ఫార్గో', 'ట్రూ డిటెక్టివ్' అలా వచ్చినవే. తెలుగులో 2021 నాటి 'పిట్టకథలు' మాత్రం విడివిడి కథలే, నాలుగు కథలకు నలుగురు దర్శకులు.

నా మనసులో నిలిచింది 1959 నాటి 'వాకింగ్ డిస్టెన్స్'. ముప్ఫై ఆరేళ్ళ మార్టిన్ పుట్టినూరికి నడిచి వెళ్ళి, తన బాల్యంలోకే అడుగుపెడతాడు. రంగులరాట్నం మీద ఉన్న చిన్ననాటి తనను పట్టుకోబోతాడు. పిల్లవాడు పడి కాలికి దెబ్బ తగిలించుకుంటాడు. తిరిగొచ్చిన మార్టిన్ కుంటుతూ నడుస్తాడు. మరో వారం లేదు గనుక ఆ కుంటినడక మాయమవదు, మనకూ అలాగే మిగిలిపోతుంది. తెనాలి వదిలొచ్చిన నాకు ఆ నడక బాగా తెలుసు.

ఆంథాలజీని వరసగా చూడనక్కర్లేదు. ఒక కథ నచ్చకపోతే వదిలేసి ఇంకోటి చూడండి. ముందు 'వాకింగ్ డిస్టెన్స్' చూడండి. అరగంట చాలు.