ఒక మాట, పలు వ్రాతలు

మాట చెవికి ఒక్కటియే యైనను కంటికి పలురూపుల గానవచ్చుట మన భాషలో నిన్న నేడు పుట్టిన సంగతి కాదు. పెద్దలు 'గుఱ్ఱము' అని వ్రాసిరి. నేటి బాలురు 'గుర్రం' అని వ్రాయుచున్నారు. 'వాఁడు' 'వాడు' అయినది. 'ఎవరు' అనుటకు 'యెవరు' అనియు, 'ఒకటి' అనుటకు 'వొకటి' అనియు వ్రాసినవారును గలరు. చదువరి మనస్సు ఈ భేదములను సులభముగా దాటిపోవును. కంప్యూటరు అట్లు దాటలేదు. దానికి అక్షరమనగా ఒక సంఖ్య మాత్రమే. 'ర'కొక సంఖ్య, 'ఱ'కు వేఱొక సంఖ్య, అరసున్నకు మఱియొకటి. సంఖ్యలు వేఱైనచో మాటలును వేఱేయని దాని లెక్క.

ఇందువలన గలుగు నష్టమేమి? పాతగ్రంథము లనేకములు నేడు కంప్యూటరులలో చేరుచున్నవి. గ్రంథములో 'క్రొత్త నిబంధన' అని యుండగా 'కొత్త నిబంధన' అని వెదకిన విద్యార్థికి ఏమియు దొరకక పోవచ్చును. దొరకనిది లేదనియే అతడు నమ్మును. గ్రంథము భద్రముగా నుండియు చదువరికి లేనిదగుట, చెదలు తినుటకంటె తక్కువ నష్టమా?

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. స్కాట్లండు దేశపు స్కాట్సు భాషకు జాన్ జేమిసన్ పండితుడు 1808లోనే నిఘంటువు ప్రకటించెను. అయినను అచ్చట 'మంచి' యను అర్థముగల మాటనే కొందఱు జి, యు, ఐ, డి యనియు, కొందఱు జి, యు, డి, ఇ యనియు వ్రాయుదురు. ఇట్టి భాషలకై శాస్త్రజ్ఞులు కనుగొనిన ఉపాయములు ముఖ్యముగా మూడు.

మొదటిది అక్షరములను సమానపఱచుట. 'ఱ'ను 'ర'గా మార్చి, అరసున్నను తీసివేసి, తుది 'ము'ను సున్నగా జేసినచో 'గుఱ్ఱము', 'గుర్రము', 'గుర్రం' మూడును ఒక్కటియే యగును. కాని ఇందొక అపాయము గలదు. 'ఏడు' అనగా సంఖ్య. 'ఏఁడు' అనగా సంవత్సరము. 'అరుగు' అనగా పోవుట. 'అఱుగు' అనగా జీర్ణమగుట. తొందరపడి అన్నిటిని సమానము చేసినచో వ్రాతతోపాటు అర్థమును పోవును. కావున మూలమును ఉన్నదున్నట్లే నిలిపి, సమానపఱచిన రూపమును వెదకుటకు తాళపుచెవిగా మాత్రమే ప్రక్కన నుంచవలెను.

రెండవది ధ్వనినిబట్టి పోల్చుట. అమెరికాలో రాబర్టు రస్సెల్ అనునతడు 1918లో పేటెంటు పొందిన సౌండెక్సు పద్ధతి ఇట్టిది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరమును నిలిపి, అచ్చులను విడిచి, దగ్గఱ ధ్వనులుగల హల్లులకు ఒకే అంకె నిచ్చి, మూడంకెలతో ముగింతురు. ఇంగ్లీషున వ్రాసిన రాజమండ్రికిని, 2015లో ప్రభుత్వము మన నగరమునకు స్థిరపఱచిన రాజమహేంద్రవరము పేరునకును, ఈ లెక్కచే వచ్చునది ఆర్ 255 అను ఒకే గుఱుతు! అయితే రోసమండ్ అను ఇంగ్లీషు బాలిక పేరునకును అదియే వచ్చును. మఱియు తెలుగున అచ్చులను విడిచినచో 'పాలు', 'పులి', 'పేలు' ఒక్కటియే యగును. మన భాషకు అచ్చులే ప్రాణములు గదా!

మూడవది మార్పులను లెక్కించుట. 1965లో రష్యా దేశీయుడగు లెవెన్‌ష్టైన్ పండితుడు, ఒక మాటను మఱియొక మాటగా మార్చుటకు ఎన్ని అక్షరములను చేర్చవలెనో, తీయవలెనో, మార్చవలెనో లెక్కించి, ఆ సంఖ్యయే వానిమధ్య దూరమనెను. 'వాఁడు' 'వాడు' అగుటకు ఒక్క తీసివేత చాలును. 'గుఱ్ఱము' 'గుర్రము' అగుటకు రెండు మార్పులు. 'పాలు' 'పూలు' అగుటకో, ఒక్కటియే! అనగా వట్టి లెక్కనుబట్టి పాలకును పూలకును గల చుట్టఱికము, గుఱ్ఱమునకు తనతో గల చుట్టఱికముకంటె దగ్గఱ యగును. కావుననే మార్పులన్నిటికిని ఒకే వెల కట్టరాదు. 'ఱ' 'ర' యగుటకు స్వల్పపు వెలయు, 'ఆ' 'ఊ' యగుటకు గొప్ప వెలయు నిర్ణయింపవలెను.

ఆ వెలలను నిర్ణయించుటకు భాష నెఱిగిన మనుష్యుడు కావలెను. 1852లో బ్రౌను దొర ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును, పిఠాపుర సంస్థానాధీశుల పోషణమున సిద్ధమై 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును ఇప్పటికిని ఇందుకు సాయపడును. ఏ వ్రాత ఏ మాటదో తెలిపినవారు ఆ పండితులే. యంత్రము వారికి శిష్యుడు.

విద్యార్థులారా, మీ యింటి పెట్టెలలో తాతగారి ఉత్తరములో, పాత కీర్తనల పుస్తకములో యుండవచ్చును. వానిని కంప్యూటరులోనికి ఎక్కించునపుడు అరసున్నలను తీసివేయకుడు, 'ఱ'ను దిద్దకుడు. దిద్దిన రూపమును యంత్రము ఎప్పుడైనను చేసికొనగలదు. చెఱిపిన మూలమును మరల తేగల యంత్రము మాత్రము లేదు.