ప్రాచీన నాణెములు - చట్టము - సేకర్తలు

రాబర్ట్‌సన్‌పేటలోని మన తెలుగువారికి బంగారము కొత్తది కాదు. 2001లో మూతపడువరకు కోలారు గనులే పెక్కు కుటుంబములకు జీవనాధారము. కాని నాణెమును తూకముతో మాత్రమే చూచుట ప్రమాదము. 18వ శతాబ్ది చివర నెల్లూరు సమీపమున పొలము దున్నుచున్న రైతునకు చిన్న గుడి శిథిలముల క్రింద ఒక కుండ దొరకెను. అందున్నవి రోమను చక్రవర్తుల బంగారు నాణెములు. అతడు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. చాలవరకు కరగిపోగా ముప్పదికి పైచిలుకు మాత్రము దక్కినవి.

ఆంధ్రదేశమున అమలైన 1878 నాటి నిధుల చట్టము పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపుమన్నది. ప్రభుత్వము దానిని తీసికొన్నచో లోహపు వెలయు, దానిపై ఐదవవంతును ఇచ్చును. చరిత్ర విలువకు లెక్క లేదు! ఇక దొరకినవాని చూపు కంసాలి మూసవైపు పోవుటలో వింత యేమున్నది?

1972 నాటి చట్టము నూరేండ్లు దాటిన నాణెములను వ్యక్తులు విదేశములకు పంపుటను నిషేధించినది. పురావస్తువుల దొంగరవాణాను అరికట్టుటకై 2024లో అమెరికాతోను ఒప్పందము కుదిరినది. ఇది మెచ్చదగినదే. అయితే ముత్తాతనాటి వరహాను అమెరికాలోని కుమారునకు జ్ఞాపికగా పంపదలచిన తల్లికిని ఈ నిషేధము వర్తించును. స్వదేశమున దానిని దాచుకొను సేకర్తకైనను, అది ఎవరివలన, ఎప్పుడు వచ్చినదో తెలుపు కాగితము సాధారణముగా ఉండదు. తెలిసిన పెద్దలున్నప్పుడే ఆ వివరమును వ్రాయించి, నాణెముతోపాటు భద్రపరచవలెను.