నాలుగు వైపులూ సరే, ఐమూల కొలిచారా?

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్. తాతయ్య కట్టిన ఇల్లు, 200 గజాల ప్లాట్. పోయిన వేసవి సెలవుల్లో పైన ఇంకో పోర్షన్ వేద్దామని నాన్న అనుకున్నారు. మెట్లు నైరుతి మూలలో, దక్షిణం గోడని ఆనుకుని రావాలి. పైన నాకంటూ ఒక రూమ్ వస్తుందని నేను ఫుల్ ఖుషీ. మేస్త్రీ ముగ్గు పోయడానికి రెడీ అయ్యాక నాన్న, "ముందు సర్వే చేయిద్దాం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. గోడ కళ్లముందే ఉంది, కొలతలు డాక్యుమెంట్‌లో ఉన్నాయి. ఇంక సర్వే ఎందుకు? తమ్ముడికి టేపు ఇచ్చి నేనే కొలిచాను. తూర్పు 36 అడుగులు, పడమర 36, ఉత్తరం 50, దక్షిణం 50. మొత్తం 1800 చదరపు అడుగులు. గజానికి 9 చదరపు అడుగులు కాబట్టి కరెక్ట్‌గా 200 గజాలు. "టెస్ట్ కేసులన్నీ పాస్" అని నాన్నకి చెప్పేశా.

మర్నాడు లైసెన్స్ ఉన్న సర్వేయర్ గారు వచ్చి ఒకటే అడిగారు: "ఐమూల కొలిచావా బాబూ?"

ఐమూల అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉండే దూరం. నాలుగు పుల్లల్ని మేకులతో చతురస్రంలా బిగించి ఒక పక్కకి నెట్టి చూడండి. పుల్లల పొడవు మారదు, ఆకారం మాత్రం వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం అలా వాలదు. అందుకే సర్వే వాళ్లు ఏ స్థలాన్నైనా త్రిభుజాలుగా విడగొట్టి కొలుస్తారు. 36, 50 కొలతలతో ప్లాట్ నిజంగా మూలమట్టంగా ఉంటే రెండు ఐమూలలూ దాదాపు 61 అడుగుల 7 అంగుళాలు రావాలి. మాకు ఒకటి 63 అడుగుల 6 అంగుళాలు, రెండోది 59 అడుగుల 8 అంగుళాలు వచ్చాయి.

లేయౌట్ ప్లాన్ కాపీ ముందు పెట్టుకుని, వీధి చివర మిగిలిన హద్దురాయి నుంచి టోటల్ స్టేషన్‌తో చూస్తే సంగతి తేలింది. రోడ్డు వైపు మూలలు రెండూ కరెక్టే. వెనక గోడ మాత్రం దక్షిణానికి 3 అడుగుల 3 అంగుళాలు జరిగి ఉంది. విస్తీర్ణంలో తేడా నాలుగు చదరపు అడుగులే కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. కానీ దక్షిణం పక్కింటి వాళ్లది దాదాపు 9 గజాల ముక్క మా గోడ లోపల ఉంది. ఉత్తరం వైపు అంతే ముక్క మాది, గోడ అవతల ఉంది. అప్పట్లో ఉత్తరం పక్కింటి గోడ చూసి తాతయ్య తన గోడ కట్టించారట. చూసి రాసిన ల్యాబ్ రికార్డ్‌లో తప్పులు కూడా యథాతథంగా వచ్చేస్తాయి కదా!

మేం మెట్లు వేద్దామనుకున్నది సరిగ్గా ఆ దక్షిణం ముక్కలోనే.

దక్షిణం పక్కిల్లు మాస్టారిది. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. కొలిచే రోజు రమ్మని నాన్నే పిలిచారు, టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నారు. సాయంత్రం మామయ్య ఫోన్ చేసి, "పన్నెండేళ్లు దాటిపోయింది బావా, అది ఇక మీదే" అన్నాడు. నేను చదివి చూశాను. 1963 లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల లెక్క ఉన్నమాట నిజమే. కానీ ఊరికే ఏళ్లు గడిస్తే చాలదు. అసలు యజమాని హక్కుని కాదని, బహిరంగంగా, మనదే అన్నట్టు అనుభవించామని కోర్టులో రుజువు చేయాలి. నాన్న అంత దూరం వెళ్లలేదు. "పొద్దున లేస్తే ఆయన మొహం ఎలా చూడను రా?" అన్నారు.

మెట్లు హాల్ లోపలికి మారాయి. నా రూమ్ సగమైంది. గోడ ఇప్పటికి అలాగే ఉంది. ఎవరు మళ్లీ కట్టుకున్నా సరైన గీత మీదే కట్టాలని ఇద్దరూ కాగితం రాసుకుని, సర్వే స్కెచ్ జత చేసుకున్నారు. అది ఒప్పుకోలు మాత్రమే. స్థలం నిజంగా మార్చుకోవాలంటే రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పని మొదలవబోతుంటే కొన్ని గుర్తుపెట్టుకోండి. ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలు తెలుస్తాయి, గోడ ఎక్కడుండాలో తెలీదు. ఫోన్ జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా మామూలే, దానితో హద్దు తేల్చలేం. చుట్టూ ఖాళీ వదలడానికి లెక్క ప్లాట్ హద్దు నుంచే, గోడ నుంచి కాదు. డాక్యుమెంట్, లింక్ డాక్యుమెంట్లు, లేయౌట్ ప్లాన్ దగ్గర పెట్టుకుని, పక్కవాళ్లని పిలిచి వాళ్ల ఎదురుగా కొలిపించండి. ఇదంతా ముగ్గు పోయకముందే. ముగ్గుని చీపురుతో చెరిపేయొచ్చు, పిల్లర్ లేచాక కుదరదు.

ఇప్పుడు నా రూమ్‌లో మంచం, టేబుల్ పడితే నడవడానికి చోటు లేదు. కిటికీ మాత్రం మాస్టారి పెరట్లోకి తెరుచుకుంటుంది. మొన్న సెలవులకి వెళ్తే కింద నుంచి, "ఏరా, ఐమూల ఎంత?" అని అరిచారు. అంగుళాలతో సహా చెప్పా.