గిన్నెను చూసి పొయ్యి

ఇండక్షన్ పొయ్యి కొనడానికి బయల్దేరే ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లండి. తలుపుకి అంటించిన బొమ్మల్లోంచి ఒక అయస్కాంతాన్ని ఊడదీసి, వంటింట్లో ఉన్న గిన్నెలన్నిటి అడుగునా ఆనించి చూడండి. నేనా పని చేసిన పూట మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. కాసేపు వింతగా చూసి, “ఏంటమ్మాయ్, గిన్నెలకి దిష్టి తీస్తున్నావా?” అన్నారు.

పదహారు గిన్నెలకి ఆనిస్తే అయిదింటికే పట్టింది. ఇనప దోసె పెనం అయస్కాంతాన్ని చేతిలోంచి లాగేసుకుంది. పప్పు వండే స్టీలు కుక్కర్‌కీ, రెండు కొత్త గిన్నెలకీ, అడుగు చదునుగా ఉన్న ఒక మూకుడుకీ అతుక్కుంది. అన్నం వండే సిల్వర్ తపేలాకి పట్టలేదు. హైదరాబాద్‌లో అల్యూమినియాన్ని సిల్వర్ అనే అంటాం, వెండికి లేని దర్జా దానికి. ఇత్తడి గిన్నె, పులుసు కాచే రాచిప్ప సంగతి సరేసరి. అత్తయ్య ఆశ్చర్యపోయింది పాలగిన్నె దగ్గర. అదీ స్టీలే, మెరుపూ అదే, అయినా అయస్కాంతం జారి కింద పడింది. స్టీలులో నికెల్ తగినంత కలిస్తే, అంటే 304 అని చెప్పే రకమైతే, అయస్కాంతానికి లొంగదు. నికెల్ లేని 430 రకానికి పడుతుంది. అందుకే కొన్ని గిన్నెల అడుగున అయస్కాంతం పట్టే రేకు అతికించి ‘ఇండక్షన్ బేస్’ అని అమ్ముతారు.

అంటే పొయ్యి ఖరీదు పొయ్యి ఒక్కదానిదే కాదు. తపేలా మార్చాలి, పాలగిన్నె మార్చాలి, కూర వండే మూకుడు గుండ్రటి అడుగుదైతే అదీ మార్చాలి. పొయ్యి కన్నా గిన్నెలకే ఎక్కువయ్యే ఇళ్లున్నాయి. ఆ లెక్క అట్టపెట్టె మీద ఉండదు.

గాజు కింద ఏముంది

నల్లటి గాజు పలక కింద చక్రంలా చుట్టిన రాగి తీగ ఉంటుంది. దాన్నే కాయిల్ అంటారు. మన ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. పొయ్యిలోని బోర్డు దాన్ని సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా ఊగేలా మార్చి కాయిల్‌లోకి పంపుతుంది. అక్కడ పుట్టిన అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటుని పుట్టిస్తుంది. ఆ సుడులకి అడుగే వేడెక్కుతుంది. గాజు వేడెక్కేది గిన్నె నుంచి తిరిగొచ్చిన సెగతోనే. దీని వెనకున్న సూత్రం మైకేల్ ఫారడే 1831లో కనుక్కున్నది. 1950ల నడుమ అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఊరూరా ప్రదర్శనలు పెట్టి, పొయ్యికీ గిన్నెకీ మధ్య వార్తాపత్రిక పరిచి నీళ్లు కాచి చూపించారు. కాగితం కాలలేదు, నీళ్లు మరిగాయి.

షాపులో ఇదే షెల్ఫులో అచ్చం ఇలాగే ఉండే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి ఉంటుంది. “దీనికి ఏ గిన్నె అయినా పర్లేదు మేడమ్” అంటారు. నిజమే, దాంట్లో ఎర్రగా కాలే తీగ గాజుని కాల్చి, గాజు గిన్నెని కాలుస్తుంది. పెద్దపాటి హీటరన్నమాట. కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆపేశాక కూడా గాజు చాలాసేపు చురకపెడుతుంది. ఇత్తడి గిన్నెలు వదులుకోలేని వాళ్లు అది కొనుక్కోవచ్చు గానీ, ఇండక్షన్ అనుకుని కొని తెచ్చుకోకూడదు.

గోడని అడగాలి

అమ్మే కుర్రాడు మొదట చెప్పేది వాట్లు. 2200 అయితే గొప్ప, 1200 అయితే చిన్నచూపు. లెక్క వేస్తే లీటరు నీళ్లు మరగడానికి 2000 వాట్ల మీద సుమారు మూడు నిమిషాలు, 1200 మీద అయిదు. ఉదయం క్యారేజీల హడావిడిలో ఆ రెండు నిమిషాలకి విలువ ఉంది, కాదనను. కానీ ఆ వాట్లని మోయాల్సింది గోడ.

2000ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. మిక్సీ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. గీజర్‌కి పెట్టే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. పాత ఫ్లాట్లలో వంటింటి గట్టు మీద చిన్న సాకెట్లే ఉంటాయి, పెద్దది ఫ్రిజ్ వెనకాల ఎక్కడో ఉంటుంది. పెద్ద పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్‌లో దూర్చే అడాప్టర్ ముక్క యాభై రూపాయలకి దొరుకుతుంది. నేనూ కొన్నాను. మా ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి, “అమ్మా, లోపల వైరు సన్నది. దీని మీద రోజూ వండితే ముందు ప్లగ్గు నల్లబడుద్ది, తర్వాత బోర్డు” అని దాన్ని పీకి తన సంచీలో వేసుకున్నాడు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తగా లాగి, పెద్ద సాకెట్ బిగించాడు. ఆ ఒక్క పూట పనికి పొయ్యి ధరలో సగం అయ్యింది.

ఆయన్నే ఎర్త్ కూడా చూడమనండి. స్టీలు గిన్నెలో స్టీలు గరిటె పెట్టి తిప్పుతుంటే చేతికి జివ్వుమంటోందని చాలామంది అంటారు. పొయ్యి చెడిపోయిందని మార్చుకుంటారు, కొత్తదీ జివ్వుమంటుంది. చాలాసార్లు దోషం సాకెట్‌లో ఎర్త్ లేకపోవడానిది.

గట్టులోకి దించే నాలుగు పొయ్యిల హాబ్ మోజు ఉన్నవాళ్లకి ఒక్క మాట: అన్నీ ఒకేసారి వెలిగిస్తే 7 కిలోవాట్ల వరకూ లాగేవి ఉంటాయి. దానికి మీటరు దగ్గర్నుంచి వేరే లైను, వేరే ఎంసీబీ, కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు. గ్రానైట్ కోయించే ముందు ఈ మూడూ అయ్యాయో లేదో చూసుకోండి.

దోసె తేల్చేస్తుంది

ఇప్పుడు అసలు సంగతి. ఇండక్షన్ మీద దోసె బాగా రాదని మనవాళ్ల ఫిర్యాదు. నడుమ మాడుతుంది, అంచు తెల్లగా, తడిగా ఉండిపోతుంది. పెసరట్టయితే మరీ. తప్పు పిండిదీ కాదు, ఇండక్షన్‌దీ కాదు. మన పెనం 30 సెంటీమీటర్లుంటుంది. చౌకరకం పొయ్యిల్లో కాయిల్ జానెడు కూడా ఉండదు. పైన గాజు మీద గీసిన వలయం పెద్దదిగా ఉంటుంది, అది చూసి మోసపోతాం. గ్యాసు మంట పెనం కింద పాకుతుంది. అయస్కాంత క్షేత్రం అలా పాకదు, కాయిల్ ఎంత మేరకి ఉంటే అంతే.

కాయిల్ ఎంతుందో తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. అడుగు చదునైన వెడల్పాటి పెనంలో వేలి మందాన నీళ్లు పోసి ఎక్కువలో పెట్టండి. నిమిషంలో బుడగలు వలయంగా లేస్తాయి. కాయిల్ వెడల్పు దాదాపు ఆ వలయమంతే. కాస్త ఓపికున్న షాపువాళ్లు దీనికి ఒప్పుకుంటారు. నేను తిరిగిన మూడింట్లో ఒకరు ఒప్పుకున్నారు, పొయ్యి అక్కడే కొన్నాను.

చిన్న కాయిల్‌తోనూ దోసె పోయవచ్చు, పద్ధతి మార్చుకుంటే. మందపాటి ఇనప పెనాన్ని 600 నుంచి 800 వాట్ల మీద అయిదారు నిమిషాలు వదిలేయాలి. ఇనుము వేడిని నెమ్మదిగా అంచుకి చేరవేస్తుంది. ఆ తర్వాతే పెంచాలి. మొదటే 2000 పెడితే నడుమ ఉబ్బి, పల్చటి పెనమైతే శాశ్వతంగా వంగిపోతుంది. వంగిన పెనం గాజు మీద ఊయల ఊగుతుంది. గరుకు ఇనుముని గాజు మీద ఈడ్చవద్దని వేరే చెప్పక్కర్లేదు, రెండు రోజుల్లో గీతలే చెబుతాయి.

దోసెకి ఎక్కువ మంట కావాలి. పులుసుకి తక్కువది, అదీ కదలకుండా. చౌక పొయ్యిల బండారం బయటపడేది ఇక్కడే. 300 అని నొక్కితే అవి 300 ఇవ్వవు. కొన్ని సెకన్లు వెయ్యి పైన ఇచ్చి, కొన్ని సెకన్లు ఆగి, సగటున 300 చేస్తాయి. గిన్నెలో పులుసు ఉవ్వెత్తున పొంగి, చల్లారి, మళ్లీ పొంగుతుంది. గోంగూర అడుగంటుతుంది. పాల సంగతి ఊహించుకోండి. షాపులో అదే నీళ్ల గిన్నెని తక్కువలో పెట్టి ఒక నిమిషం చూడండి. బుడగలు ఆగి ఆగి వస్తే దణ్ణం పెట్టి పక్కదానికి వెళ్లండి. పొయ్యికి నేను ఇచ్చే మార్కుల్లో సగం దీనికే. వాట్లకీ, గాజు మీద రంగురంగుల ‘ఇడ్లీ’, ‘సాంబార్’ బొత్తాలకీ కలిపి సున్నా. బొత్తాల విషయంలో ఇంకొక్కటి, నొక్కితే టక్కుమనేవే మేలు. తాకితే పనిచేసే పలక తడి చేతి మాట వినదు.

నూనె వేపుళ్లకి హెచ్చరిక. వేడిని కొలిచే పరికరం గాజు కింద ఉంటుంది, గిన్నె వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. పల్చటి మూకుడులో కాస్త నూనె పోసి పూర్తి వాట్లలో పెట్టి, ఫోన్ మోగిందని అవతలికి వెళ్తే నూనె అంటుకోగలదు. గారెలు వేసేటప్పుడు మంట లేదని ధీమా వద్దు. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఉంటే కొనే ముందే వాళ్ల డాక్టర్‌ని అడగండి.

సిలిండర్ లెక్క

14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి ఉంటుంది. అదంతా గిన్నెలోకి వెళ్లదు. ఐఎస్ఐ గుర్తున్న గ్యాస్ పొయ్యి పరీక్షలో కనీసం 68 శాతం వేడిని గిన్నెకి అందించాలి. ఇంట్లో చిన్న గిన్నె కింద పెద్ద మంట పెట్టే మనకి అంత రాదు. ఇండక్షన్‌లో 80 నుంచి 85 శాతం దాకా వెళ్తుంది. మొత్తం మీద ఒక సిలిండర్ చేసే పనికి ఇండక్షన్ మీద 130 నుంచి 150 యూనిట్లు పడతాయి.

కాబట్టి మీ సిలిండర్ ధరని 140తో భాగించండి. 900 రూపాయలైతే యూనిట్‌కి 6 రూపాయల 40 పైసలు. మీ కరెంటు బిల్లులో చివరి స్లాబు రేటు దీనికంటే తక్కువైతే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాసే చవక. చివరి స్లాబే చూడాలి, ఎందుకంటే కొత్త పొయ్యి యూనిట్లు పైన చేరతాయి.

తెలంగాణలో దీనికో మెలిక ఉంది. 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులకి నెలకి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 120 యూనిట్లు కాల్చే ఇంటికి ఇంకో 70 ఇండక్షన్‌కి పోతే వంట ఉచితమే. 160 కాల్చే ఇంట్లో అదే 70 చేరితే 200 దాటిపోయి, మొత్తం బిల్లూ కట్టాలి. ఒకే పొయ్యి, పక్కపక్క ఇళ్లు, ఒకరికి లాభం, ఒకరికి చేతి చమురు. అక్కడ ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి దీపం-2 కింద అర్హులకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఆ మూడూ అయ్యేదాకా గ్యాసే చవక.

నా మాటకొస్తే, రెండో పొయ్యిగా ఇండక్షన్ అంత మంచి వస్తువు మరొకటి లేదు. మే నెలలో ఫ్యాన్ కింద కుక్కర్ పెట్టుకునే సుఖం గ్యాసు ఇవ్వలేదు. ఏకైక పొయ్యిగా మాత్రం వద్దంటాను. కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ దాన్ని మోయదు. వంకాయని మంట మీద కాల్చి చేసే పచ్చడి దాని వల్ల కాదు, పుల్కా పొంగదు. పోపు గరిటె పెడితే అసలు గిన్నే లేదని కూతపెట్టి ఆగిపోతుంది, అడుగు అంత చిన్నదైతే గుర్తుపట్టదు.

ఇంకొకటి, ఏ బ్రోచర్‌లోనూ రాయనిది. కింద ఫ్యాన్ గాలి కోసం కంతలుంటాయి, లోపల వెచ్చగా ఉంటుంది. బొద్దింకలకి అంతకంటే ఏం కావాలి? అవి బోర్డు మీద తిరిగి షార్ట్ చేస్తాయి. వంట అయ్యాక లోపలి ఫ్యాన్ ఆగేదాకా ఉండి, అప్పుడు స్విచ్ కట్టేసి, పొయ్యిని ఎత్తి నిలబెట్టండి. కొనేముందు మీ ఊళ్లోనే ఆ కంపెనీ సర్వీసు ఉందో లేదో అడగండి. కాయిల్ అంత తొందరగా పోదు, బోర్డు పోతుంది.

అత్తయ్య వారం రోజులు మా పొయ్యి మీద పాలు కాచారు. వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది చిలక బొమ్మ అయస్కాంతాన్ని అడిగి మరీ పర్సులో వేసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత తెనాలి నుంచి ఫోన్.

“అన్నిటికీ ఆనించి చూశానమ్మాయ్. మూడింటికే పట్టింది.”

“మరి కొనమంటారా అత్తయ్యా?”

“సిలిండర్లూ మూడు ఊరికే వస్తున్నాయిగా. అవి అయ్యాక చూద్దాంలే. ఈలోగా ఆ పాలగిన్నె లాంటిది, అయస్కాంతం పట్టేది, ఒకటి చూసి ఉంచు.”