‘ఇన్వాల్వ్ అయిపోయాడు’: అపోహలు – వాస్తవాలు

చదువులోనో, ఆటలోనో, కతల పుస్తకంలోనో ఒళ్లు మరిచిపోయిన మనిషి గురించి చెప్పడానికి ఇంగ్లీషులో పదబంధాలు చాలానే ఉన్నాయి. ఎన్‌గ్రోస్ట్ ఇన్, అబ్జార్బ్డ్ ఇన్, ఇమ్మర్స్డ్ ఇన్, లాస్ట్ ఇన్, గ్లూడ్ టు, హుక్డ్ ఆన్, అబ్సెస్డ్ విత్ వాటిలో కొన్ని. నందికొట్కూరు లాంటి ఊళ్లో ఇంటర్ విద్యార్థికి ఇవి పాఠాల్లో తగులుతాయి, డిగ్రీ ముగించి కర్నూలుకో హైదరాబాదుకో ఇంటర్వ్యూకు పోయే యువకుడికి నోటి మీదికి రావలసి ఉంటుంది. వీటి గురించి బడిలోనూ బజారులోనూ నాటుకున్న నమ్మకాలు కొన్ని తప్పు.

అపోహ: ‘అడిక్ట్ అయ్యాడు’, ‘ఇన్వాల్వ్ అయ్యాడు’ అనేవి ఇంగ్లీషు మాటలే కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే చెల్లుతాయి.

తెలుగులో మునిగేదీ లీనమయ్యేదీ మనిషే. ‘పిల్లోడు ఫోన్లో పడినాడంటే అన్నం గుర్తుండదు’ అన్నప్పుడు పడిన పని పిల్లోడిదే. ఇంగ్లీషు చూపు వేరు. అక్కడ పుస్తకమో ఫోనో మనిషిని పట్టుకుంటుంది, మనిషి పట్టుబడిన స్థితిలో ఉంటాడు. అందుకే ఈ పదబంధాలకు ముందు మామూలుగా ఈజ్, వాజ్, ఆర్ వంటి మాట ఒకటి ఉండాలి. ‘హీ అడిక్టెడ్ టు ఫోన్’ అనే వాక్యం కుంటిది. ‘హీ ఈజ్ అడిక్టెడ్ టు హిజ్ ఫోన్’ అన్నదే నిలబడుతుంది. ఈ ఒక్క లోపాన్ని దిద్దుకుంటే మన వైపు పిల్లల ఇంగ్లీషులో సగం తప్పులు పోతాయనిపిస్తుంది.

‘ఇన్వాల్వ్’ కథ ఇంకా చిత్రమైనది. హీరో పాత్రలో ఇన్వాల్వ్ అయి నటించాడని తెలుగులో మెచ్చుకుంటారు. అదే మాటను ‘హీ వాజ్ ఇన్వాల్వ్డ్ ఇన్ ది ఫిల్మ్’ అని మారిస్తే, ఇంగ్లీషు పాఠకుడికి అర్థమయ్యేది అతనికి ఆ సినిమా తయారీలో ఏదో భాగం ఉందని మాత్రమే. లీనమైన సంగతి అందులో కనిపించదు. పైగా ఇంగ్లీషు పత్రికల్లో ఈ మాట ప్రమాదాల వార్తల్లోనూ కేసుల వార్తల్లోనూ తగులుతుంటుంది. నటుడిని పొగడాలంటే ‘అబ్జార్బ్డ్ ఇన్ ది రోల్’ సరిపోతుంది.

అపోహ: తెలుగులో ‘లో’ ఉన్నచోట ‘ఇన్’, ‘మీద’ ఉన్నచోట ‘ఆన్’ పెడితే చాలు.

కొంత దూరం ఈ కిటుకు పనిచేస్తుంది. పనిలో మునగడానికి ‘ఇన్’ కుదురుతుంది. టీవీకి అతుక్కుపోయాడు అన్నదానికి ‘గ్లూడ్ టు ది టీవీ’ అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. బంక దగ్గర రెండు భాషలూ ఒకే ఊహ చేశాయి. క్రికెట్ మీద పిచ్చి దగ్గర మాత్రం కిటుకు చెడుతుంది. ‘అబ్సెస్డ్ ఆన్ క్రికెట్’ తప్పు, అక్కడ ‘విత్’ రావాలి. ‘హుక్డ్’కు మాత్రం ‘ఆన్’ కావాలి, ‘మ్యాడ్’కు ‘అబౌట్’. ‘మ్యాడ్ ఎట్’ అంటే కోపంగా ఉన్నారని అర్థం మారిపోతుంది. ఇవి సూత్రానికి లొంగేవి కావు. మాటతోపాటే దాని తోకనూ కలిపి నేర్చుకోవలసిందే.

‘అబ్జార్బ్’ ఒక్కదాన్ని చూసినా ఈ తోక ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. నల్లరేగడి నేల వాన నీటిని పీల్చుకున్నప్పుడు ఆ నీరు ‘అబ్జార్బ్డ్ బై ది సాయిల్’. పుస్తకంలో లీనమైన అమ్మాయి ‘అబ్జార్బ్డ్ ఇన్ ఎ బుక్’. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులయ్యారు. నందికొట్కూరు డిపో డ్రైవర్లు, కండక్టర్లు కూడా ఆ లెక్కలోకే వచ్చారు. ఆ చట్టం పేరులోనే ‘అబ్జార్ప్షన్’ ఉంది. వాళ్లు ‘అబ్జార్బ్డ్ ఇంటు గవర్నమెంట్ సర్వీస్’. ‘ఇంటు’ తీసేసి ‘ఇన్’ పెడితే కండక్టర్లు కొలువులో చేరిన సంగతి పక్కకు పోయి, టికెట్లు కొట్టడంలో మైమరిచారన్న అర్థం తొంగిచూస్తుంది.

అపోహ: ఇమ్మర్స్డ్, సబ్‌మర్జ్డ్ రెండూ మునగడమే కాబట్టి ఒకదాని బదులు ఒకటి వాడవచ్చు.

ఈ తేడా నందికొట్కూరు ప్రాంతం వాళ్లకు చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేం. ముచ్చుమర్రి దాపున కృష్ణలో సంగమేశ్వరం గుడి ఉంది. శ్రీశైలం జలాశయం నిండితే అది నీటి కిందికి పోతుంది, నీటిమట్టం తగ్గాక ఎండాకాలంలో బయటపడుతుంది. ఆ గుడి ‘సబ్‌మర్జ్డ్’. నీరు తనంతట తాను పైకొచ్చి కమ్మేసింది. కర్నూలులో కేసీ కాలువ ఒడ్డున వినాయక ఘాట్ దగ్గర జరిగే నిమజ్జనం ‘ఇమ్మర్షన్’. అక్కడ జనం పూనుకుని విగ్రహాన్ని నీటిలోకి దింపుతారు. మనసు సంగతిలోనూ అంతే. ఇష్టపడి చదువులో దిగినవాడు ‘ఇమ్మర్స్డ్ హిమ్‌సెల్ఫ్ ఇన్ హిజ్ స్టడీస్’. ఇక్కడ ‘హిమ్‌సెల్ఫ్’ చెల్లుతుంది, ఎందుకంటే దిగింది తానే. ఇష్టంతో పని లేకుండా నెత్తిన పడిన చాకిరీకి ఇంకో పదబంధం ఉంది: ‘అప్ టు హిజ్ నెక్ ఇన్ వర్క్’. మన ‘తలమునకలు’ దీనికి చుట్టమే. కాకపోతే ఇంగ్లీషువాడు మెడ దాకానే మునిగాడు, మనవాడికి తల కూడా మిగల్లేదు.

అపోహ: ‘ఎంగ్రాస్డ్’ పెద్ద మాట, పుస్తకాల మాట, అది వాడితే భాష మీద పట్టు ఉన్నట్టు.

ముందుగా ఉచ్చారణ: అది ‘ఎన్‌గ్రోస్ట్’. జీతాల చిట్టాలో మనం ‘గ్రాస్’ అని పలికే మాట కూడా నిజానికి ‘గ్రోస్’, రెండూ ఒకే ఇంటివి. పెద్ద ఎత్తున, మొత్తంగా అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చాయి. పాత ఇంగ్లండులో సంతకు వచ్చిన సరుకంతా ఒక్కడే కొనేసి ధర పెంచడాన్ని ‘ఎన్‌గ్రోసింగ్’ అనేవారు. అది శిక్షపడే నేరం, 1844లో గానీ దాన్ని పూర్తిగా రద్దు చేయలేదు. దస్తావేజును పెద్ద అక్షరాలతో శుద్ధప్రతిగా రాయడానికీ అదే పేరు. వకీళ్ల ఇంగ్లీషులో ఆ వాడుక ఇప్పటికీ బతికే ఉంది. ముసాయిదా ఖరారయ్యాక స్టాంపు కాగితం మీదికి ఎక్కిన అమ్మకం దస్తావేజు కూడా ‘ఎన్‌గ్రోస్ట్’ కాగితమే. దాన్ని రాసిన మనిషి తన్మయుడై ఉండనక్కరలేదు. సరుకంతా ఒకడి చేతికి పోయినట్టే ధ్యాసంతా ఒక విషయానికి పోవడం అనే అర్థం ఆ దారిలోనే వచ్చింది. కాబట్టి ఇది ఘనమైన మాటగా పుట్టలేదు. కథ చదువుతున్నవాడి గురించి వాడితే ఇంపుగా ఉంటుంది. పది నిమిషాలు ఫారం నింపినవాడి గురించి వాడితే వెగటుగా ఉంటుంది.

అపోహ: ‘అడిక్టెడ్’, ‘అబ్సెస్డ్’ ఎప్పుడూ తిట్లే. లేదా, ఇప్పుడు రెండూ మెచ్చుకోలే.

రెండు మాటలూ కష్టంలోనే పుట్టాయి. రోమను చట్టంలో బాకీ తీర్చలేక అప్పిచ్చినవాడి వశమైనవాడు ‘అడిక్టస్’. ‘అబ్సెస్’ వెనుక ఉన్నది కోటను ముట్టడించడం అనే లాటిను మాట. అయినా 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదంలో, భక్తుల సేవకు అంకితమైన ఒక కుటుంబం గురించి ‘అడిక్టెడ్’ అనే చెప్పారు, పొగడ్తగానే. మత్తుమందుల అర్థం గట్టిపడింది తర్వాతి కాలంలో. ఈనాటి కుర్రకారు నచ్చిన పాటకల్లా ‘అబ్సెస్డ్’ అంటున్నారు. స్నేహితుల మధ్య అది చెల్లుతుంది. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ యామ్ అబ్సెస్డ్ విత్ అకౌంట్స్’ అని రాస్తే చదివే అధికారికి అనుమానం రావచ్చు. అక్కడ ‘డెడికేటెడ్ టు’ పదిలం. ‘ప్రీఆక్యుపైడ్ విత్’ కూడా దరఖాస్తుకు పనికిరాదు. అందులో ఏకాగ్రత కన్నా దిగులు పాలు ఎక్కువ.

అపోహ: పిల్లలు శ్రద్ధగా విన్నారనడానికి ‘వ్రాప్డ్ అటెన్షన్’.

చెవికి ఒకటే అయినా అది ‘ర్యాప్ట్’, ఏదో శక్తి ఎత్తుకుపోయినట్టు అని అర్థం. చుట్టిపెట్టే ‘వ్రాప్డ్’కు వేరే చోటు ఉంది: ‘వ్రాప్డ్ అప్ ఇన్ హర్ వర్క్’, అంటే పని తప్ప పక్కవాళ్లు పట్టని మనిషి.

అపోహ: ‘బిజీ ఇన్ వర్క్’ సరైనదే.

మన దేశమంతటా వినిపిస్తుంది గానీ, ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలు ఒప్పుకునేది ‘బిజీ విత్ వర్క్’. క్రియ వస్తే మధ్యలో ఏమీ అక్కరలేదు: ‘బిజీ కుకింగ్’, ‘బిజీ రైటింగ్’.