బాలెంతరాలు – సెల్‌ఫోను – నేత్రరక్షణము



1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్సు సౌధము ప్రారంభింపబడినది మొదలు, ఆ చుట్టుప్రక్కల కంప్యూటరు కొలువులు చేయు స్త్రీల సంఖ్య పెరుగుచు వచ్చినది. 2017వ సంవత్సరపు చట్టసవరణచే అర్హులగు ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకును 26 వారముల చొప్పున జీతముతోడి సెలవు లభించుచున్నది. సెలవులో కంప్యూటరు మూతపడును గాని సెల్‌ఫోను మూతపడదు. అర్ధరాత్రమున దీపమార్పి, బిడ్డకు పాలిచ్చుచు, ఆ చిన్న తెరను చూచు తల్లులు పెక్కుమంది. "బాలెంతరాలు ఫోను చూచినచో చూపు పోవును" అని అత్తగారు మందలింతురు. "అదంతయు పాతకాలపు మాట" యని కోడలు త్రోసివేయును. ఇందెవరి మాట నిజము?

ఫోను వెలుగువలన చూపు శాశ్వతముగా నశించునని నిరూపణ కాలేదు. అయినను అత్తగారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. సాధారణముగా మనము నిమిషమునకు సుమారు 15 పర్యాయములు ఱెప్ప వేయుదుము. తెరను తదేకముగా చూచునపుడు అది సగమునకో, అంతకంటె తక్కువకో దిగును. అందుచే కన్నీటిపొర ఆఱిపోయి మంట, ఎఱుపు, మసక కలుగును. కాన్పు పిదప దేహమున కలుగు మార్పులచే కొందఱి కన్నులు మఱింత పొడిబారును. దానికి నిద్రలేమి తోడగును.

కావున 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమునందలి వస్తువును 20 సెకనులపాటు చూడవలెను. గదిలో చిన్న దీపముంచుకొనవలెను. కన్నులలో చనుబాలు గాని ఆముదము గాని పోయరాదు. కాన్పైన క్రొత్తలో చూపు కొంత మారి, తనంతట కుదురుకొనవచ్చును. కావున క్రొత్త కంటద్దములకు తొందరపడక వైద్యుల నడుగుట మేలు. కంటిబాధ తగ్గనిచో మెహదీపట్నమున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రియు, బంజారాహిల్సునందు 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థయు కలవు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. కాన్పైన 6 వారములలోపల తీవ్రమగు తలనొప్పి, చూపు మసకబారుట, కన్నులయెదుట మెఱుపులు, కడుపు పైభాగమున నొప్పి, ఊపిరాడకుండుట – వీనిలో నేదైన కనబడినచో నేరము ఫోనుపై మోపి యూరకుండరాదు. అది రక్తపుపోటు హెచ్చుటవలన కావచ్చును. గర్భముతో నున్నపుడు పోటు లేనివారికిని రావచ్చును. ఉపేక్షించినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగును. తెల్లవారుదాక ఆగక, తత్‌క్షణమే ఆసుపత్రికి పోయి పోటు చూపించుకొనవలెను.

అత్తగారలారా! కోడలి చేతినుండి ఫోను లాగికొనుటకంటె, రాత్రి యొక జామైనను మనుమని మీరెత్తుకొని యామెను నిద్రింపనిండు. అలసిన యా కన్నులకు అంతకు మించిన మందు లేదు.