మెత్తదనంలోని బలం

'మెత్తని వానిని చూస్తే మొత్తబుద్ధి' అని సామెత. ఇంజనీర్లమైన మేము కూడా ఇన్నేళ్లుగా అదే బుద్ధితో వృత్తి సాగించాము. బలమనగా ఉక్కు, బలమనగా వంగకపోవడం అని నమ్మాము. ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి దీని పేరు శ్రీ విజయపురం) వచ్చిన తరువాత ఆ నమ్మకాన్ని సవరించుకొనవలసి వచ్చింది.

ఇక్కడికి సమీపాన వండూరు వద్ద, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఉన్నది. అద్దపు అడుగు గల పడవలో కుటుంబాలతో వెళ్లి అక్కడి పగడపు దిబ్బలను చూడని ఉద్యోగి అరుదు. కొమ్మలు వేసిన పగడం ఏడాదికి పెరిగేది కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. 2010లో సముద్రజలం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. కనుక వాటి ఆరోగ్యాన్ని తరచుగా పరిశీలించడం అత్యవసరం. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దూరనియంత్రిత జలాంతర్గత వాహనంతో ఈ దిబ్బల చిత్రాలు తీసింది. అయితే చూడటం వేరు, తాకడం వేరు. నమూనా కోసం ఇనుప చెయ్యి చాచితే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ క్షణంలో విరుగుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారంగా అమెరికా శాస్త్రవేత్తలు రాబర్ట్ వుడ్, డేవిడ్ గ్రూబర్ బృందం మెత్తని రబ్బరు వేళ్లను రూపొందించి ఎర్రసముద్రపు లోతులలో పరీక్షించింది. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఇటువంటి వేళ్లు పనిచేసే తీరును మన పిల్లలు ఇంటిలోనే చూడవచ్చు. పొడవాటి బుడగకు ఒక ప్రక్క నిలువునా టేపు అంటించి గాలి ఊదండి. టేపు ఉన్న ప్రక్క సాగదు, రెండవ ప్రక్క సాగుతుంది; బుడగ టేపు వైపునకు వంగుతుంది. ఇందులో కీలు లేదు, పళ్లచక్రం లేదు. పదార్థపు అమరికయే యంత్రం.

ప్రకృతికి ఇది పాత విద్య. ఆక్టోపస్ చేతిలో ఎముక లేదు. ఒకప్పుడు ఈ ద్వీపాల అడవులలో దుంగలు మోసిన ఏనుగు తొండంలోనూ లేదు. అయినా ఆ తొండం దుంగను ఎత్తగలదు, నాణెమును ఏరగలదు. ఇక్కడి సముద్రపు దోసకాయ తాకగానే తన చర్మాన్ని గట్టిపరచుకుంటుంది. దానిని అనుకరిస్తూ, నీటిలో మెత్తబడే పదార్థాన్ని 2008లో అమెరికాలో తయారుచేశారు.

లోహాలలోనూ ఈ గుణం కలదు. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ రూపొందించిన నికెల్-టైటానియం మిశ్రమం 'నిటినాల్' ఇందుకు ఉదాహరణ. వంచిన తీగను వేడిచేస్తే పూర్వరూపం గుర్తుకు వచ్చినట్లు తిరిగి నిటారవుతుంది. విద్యుత్తుతో వేడిచేస్తే కండరం వలె ముడుచుకునే తీగలను దీనితోనే చేస్తారు.

లోపాలు లేకపోలేదు. తీగ చల్లారితే గాని మరల పనిచేయదు; రబ్బరు చిరుగుతుంది; గాలి గొట్టం, పంపు వెంట ఉండాలి; పట్టు బలం పరిమితం. వంతెనకూ క్రేనుకూ ఉక్కే శరణ్యం. అయినా 2021లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన మెత్తని చేప యంత్రం, మరియానా అగాధంలో దాదాపు 10,900 మీటర్ల లోతున, దళసరి లోహకవచం లేకుండానే రెక్కలాడించింది.

దంతాలు రాలినా నాలుక నిలుస్తుందని పెద్దలు అంటారు. ఆ నాలుకకూ ఎముక లేదు. విరగగొట్టక పట్టుకోవడం కూడా బలమేనని మా తరం ఇంజనీర్లు ఆలస్యంగా గ్రహించాము. మన పిల్లలు తొలిపాఠంగానే నేర్చుకుంటే, వండూరు పగడాలను వారి పిల్లలు కూడా చూడగలరు.